బొంతమూట – మన తీరపు బట్టల చరిత్ర

చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు, శాసనములు స్ఫురించును. మేము పండితులము కాము. యస్.యస్.యల్.సి. వరకు చదివి, ముప్పది సంవత్సరములకు పైగా ఒక కార్యాలయపు రికార్డుగదిలో గుమాస్తాగిరి చేసి, విశ్రాంతి పొంది ఎన్నూరులో కాలము గడుపుచున్న వారము. కాగితములను వరుసగా కట్టి, చీటీ అంటించి, అడిగిన దినమున తీసి యిచ్చుటయే మా విద్య. అట్టి మాకు సంఘమువారు ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని ఆదేశింపగా, ఏ చరిత్రను వ్రాయుదుమాయని చాల దినములు ఆలోచించితిమి. తుదకు మా యింటి అటకమీది పాతగుడ్డల మూట మాకు విషయమును చూపినది. ఆ మూటలో నాలుగు తరముల బట్టలున్నవి. వానిని ఒక్కొక్కటిగా విప్పి చూచినచో, ఈ తీరమున మూడు నాలుగు శతాబ్దములుగా జరిగిన సంగతులు కొన్ని బోధపడును. ఆ మూటను భద్రపరచుటలో మేము చేసిన పొరపాట్లు మరికొందరు చేయకుండ నుండవలెనని కూడ ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బొంత యను మాట

చిరిగిన చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, పై నొక మంచి చీరను, క్రింద నొక మంచి చీరను చేర్చి, పెద్దసూదితో అంతటను సాదాకుట్టు వేసిన పరుపును మనము బొంత యందుము. వంగమున దీనిని కాంథా యనియు, కన్నడసీమలో కౌది యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు పిలుతురు. సంస్కృతమున కంథా శబ్దమునకు అతుకులు వేసిన వస్త్రమని అర్థము. బైరాగులు ధరించునదియు అదియే. మన భాషలో పొందిక లేని పనిని అతుకుల బొంత యనుటయు, ఈడుజోడు కుదిరినచో గంతకు తగిన బొంత యని పరిహసించుటయు అందరెరిగినదే. సామెతలలో బొంతకు గౌరవము తక్కువ. కాని మన యిండ్లలో పుట్టిన ప్రతి బిడ్డయు మొట్టమొదట పరుండినది అమ్మమ్మ పాతచీరలతో కుట్టిన చిన్న బొంతమీదనే. క్రొత్తగుడ్డ బిడ్డ మేనికి గరుకుగా నుండును. వందసార్లు ఉతికిన నూలుచీర మెత్తదనము ఏ అంగడిలోను దొరకదు.

బొంత కుట్టవలెనన్న గుడ్డ నిలువ యుండవలెను. ఒక పెద్ద బొంతకు నాలుగైదు చీరలు కావలెను. అవి ఒక్కనాడు చిరుగవు. కనుక ఇల్లాలు ఏండ్ల తరబడి కూడబెట్టవలెను. చీర మధ్యభాగము ముందుగా నలిగిపోవును. అంచులు, కొంగు గట్టిగా నుండును. అంచులను వేరుగా చించి చుట్టలు చుట్టి యుంచుదురు. రవికలు కుట్టగా మిగిలిన తునకలు ఒక సంచిలో వేయుదురు. వీనికి తోడు నోములలో, పేరంటములలో పసుపుకుంకుమలతో ఇచ్చిన రవికెగుడ్డలు కొల్లలుగా చేరును. ఇవియన్నియు కలిసి బొంతమూట యగును. ఇది చెత్త కాదు, ఇంటికి ఒక విధమైన గిడ్డంగి.

పులికాటు నుండి కోట వరకు

గిడ్డంగి యను మాట వచ్చినది కనుక ఇచ్చట కొంత పాత సంగతి చెప్పవలెను. మా ఎన్నూరు రెండు గొప్ప బట్టల గిడ్డంగుల నడుమ నున్న ఊరు. ఉత్తరమున పులికాటు, మన పూర్వులు దానిని ప్రళయకావేరి యనిరి. దక్షిణమున చెన్నపట్టణపు సెయింటు జార్జి కోట.

డచ్చివారు 1610లో పులికాటులో వర్తకస్థానము నెలకొల్పి, 1613లో గెల్డ్రియా యను కోటను కట్టిరి. 1690 వరకు కోరమండల తీరమున వారికి అదియే ముఖ్యస్థానము. వారు ఇచ్చట కొనినది ప్రధానముగా నూలుబట్ట. జావా, మొలుక్కా మొదలగు తూర్పుదీవులలో లవంగము, జాజికాయ కొనవలెనన్న అచ్చటివారు వెండికన్న మన తీరపు గళ్ళబట్టలను, అద్దకపు బట్టలను ఎక్కువగా కోరుచుండిరి. కావున ఐరోపావారికి మిరియము, లవంగము దొరకుటకు మన సాలెవాని మగ్గమే మూలమైనది. పులికాటు రుమాళ్ళను పేరు ఐరోపాలోని అనేక భాషలలో ఒక గళ్ళగుడ్డకు నామముగా నిలిచిపోయినది.

ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున, 1626లో దుగరాజపట్నమున వర్తకము మొదలిడిరి. ఆ రెండుచోట్లను వారికి సదుపాయము చాలక, 1639లో ఫ్రాన్సిస్ డే దొరగారు దామర్ల నాయకుల యొద్ద చెన్నపట్టణపు స్థలమును పొందిరి. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే ఊరికి చెన్నపట్టణమను పేరు కలిగెనని మనమెల్లరము చదివియున్నాము. అలలు బలముగా కొట్టు ఆ యిసుకదిబ్బపై ఓడకు రేవైనను లేదు. అయినను డే దొర దానిని కోరుటకు గల ముఖ్యకారణములలో ఒకటి, చుట్టుప్రక్కల మంచి బట్ట చౌకగా లభించుట. డే దొరకు దుబాసియైన బేరి తిమ్మన తెలుగువాడు. అటుపిమ్మట 1680లో మరణించువరకు కుంపిణీకి పెద్ద వర్తకుడుగా నుండిన కాశీ వీరన్నయు తెలుగువాడే. ఈ పట్టణము పుట్టుకలో మనవారి పాలు ఎంతటిదో మన పిల్లలు తెలిసికొనవలెను.

కోటలో గుడ్డలను ఏరుటకు వేరే గిడ్డంగి యుండెడిది. సాలెవాండ్ర యొద్దనుండి వర్తకులు తెచ్చిన ప్రతి తానును అచ్చట పరచి, పొడవు వెడల్పులు కొలిచి, ముందుగా నిర్ణయించిన మచ్చుగుడ్డతో సరిపోల్చి చూచెడివారు. మచ్చుకు తగ్గిన తాను వెల తగ్గించి తీసికొనుటయో, త్రిప్పిపంపుటయో జరుగుచుండెను. నేత సన్నదనమునకు కొలత పుంజము. 120 పోగులు ఒక పుంజము. వెడల్పులో పుంజములు ఎక్కువయైన కొలది బట్ట సన్ననిది. ఈ తెలుగు మాటను ఇంగ్లీషువారు తమ లెక్కలలో యథాతథముగా వ్రాసికొనిరి. ఏరిన బట్టలను చలువ చేయించి, మడతలు పెట్టి, బేళ్ళుగా కట్టి ఓడ కెక్కించుచుండిరి. ఆ చలువ పనివాండ్రు కాపురమున్న చోటే నేటి వాషర్మన్‌పేట. మన పెద్దలు దానిని చాకలిపేట యనియే వ్యవహరించిరి.

ఎన్నూరునుండి పట్టణమునకు పోవు త్రోవలో, తిరువొత్తియూరు చెంత కాలడిపేట కలదు. 1717 మొదలు 1720 వరకు గవర్నరుగా నుండిన జోసెఫ్ కాలెట్ దొర సాలెవాండ్రను, అద్దకపువారిని ఆ స్థలమున నిలిపి కట్టించిన పేట యది. కాలెట్‌పేటయే ప్రజల నోట కాలడిపేట యైనది. అచ్చటి వరదరాజస్వామి ఆలయమును గూర్చి యొక ఐతిహ్యము గలదు. దొర కొలువులో నున్న వీరరాఘవుడను ఉద్యోగి ప్రతిదినము కంచి వరదుని దర్శించి ఆలస్యముగా వచ్చుచుండెననియు, అతని భక్తికి మెచ్చి దొర ఇచ్చటనే గుడి కట్టించెననియు చెప్పుదురు. ఆలస్యముగా వచ్చిన గుమాస్తాకు గుడి కట్టించిన యజమానిని మేము మా ఉద్యోగకాలమున చూడలేదు! తరువాత 1734 ప్రాంతమున సుంకు రాముడను తెలుగు వర్తకుని తోట స్థలమున చింతాద్రిపేట వెలసినది. చిన్న తరిపేట, అనగా చిన్న మగ్గముల పేట యని దాని పేరునకు అర్థము చెప్పుదురు.

సముద్రము దాటిన తునకలు

ఓడలకెక్కిన బట్ట ఏమైనదో చూతము. మచిలీపట్నము, కాళహస్తి ప్రాంతముల అద్దకపు బట్టలు సామాన్యమైనవి కావు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానవేసి, బెల్లపు నీటిలో ఇనుపముక్కలు పులియబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు వ్రాసి, పటికతో నద్ది, తీరపు టిసుకనేలలో పెరుగు చిరివేరుతో ఎరుపు దించి, నీలిమందుతో నీలము వేయుదురు. అవి ఉతికినకొలది వన్నె తేరుచుండుటచేత ఐరోపాలో వానిపై మోజు హెచ్చినది. అచ్చటి నేతగాండ్రు తమ కూడు పోవుచున్నదని మొరపెట్టుకొనగా, ఫ్రాన్సుదేశము 1686 మొదలు 1759 వరకు వానిని నిషేధించినది. ఇంగ్లండులో 1700లో ఒక చట్టము, 1721లో అంతకన్న కఠినమైన మరియొక చట్టము పుట్టినవి. అయినను మోజు తీరలేదు. లండను నగరపు ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ గారి పడకగదికై వచ్చిన మచిలీపట్నపు తెరలను 1775 ప్రాంతమున సుంకపు అధికారులు పట్టుకొనిరి. ఆ మంచము, ఆ తెరలు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో నున్నవి.

మన వ్యాసమునకు ముఖ్యమైన సంగతి మరియొకటి. అంత వెలగల గుడ్డ చిరిగినను అచ్చటి గృహిణులు పారవేయలేదు. మంచి పువ్వులున్న భాగములను కత్తిరించి దాచి, వేరు గుడ్డపై కుట్టుకొనిరి. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అను భవనమున మన దేశపు అద్దకపు తునకలతో కుట్టిన అతుకుల బొంత యొకటి కలదు. అది 1708 ప్రాంతమునాటిదని చెప్పుదురు. ఆ దేశపు అతుకుల బొంతలలో మిగుల ప్రాచీనమైనదిగా దానికి పేరు. మన తల్లులు చేసిన పనినే వారును చేసిరి. తునకలు కూడబెట్టుట పేదరికమునకు మాత్రమే గుర్తు కాదని దీనివలన తెలియుచున్నది. గుడ్డ విలువ తెలిసిన ప్రతి యింటను ఇది గలదు.

పడమటి ఆఫ్రికాలో మన గళ్ళబట్టల కథ ఇంకను విచిత్రము. నైజీరియాలోని కాలబరి జాతివారు మన తీరపు గళ్ళగుడ్డను ఇంజిరి యని పిలిచి, పుట్టుక మొదలు చావువరకు గల వేడుకలలో వాడుదురు. పాతవానిని పెట్టెలలో తరతరములుగా దాచి, పెద్దలు పోయినపుడు వెలికి తీయుదురు. చీరాలలో నేయు తేలియా రుమాళ్ళును ఇట్లే అరబ్బుదేశములకు, ఆఫ్రికాకు పోయినవి. ఆముదపు కాయల బూడిదనీటిలోను నూనెలోను నూలును చాల దినములు నానబెట్టుటచేత వానికి ఆ పేరు కలిగినది. ఆ నూనెవాసన ఏండ్లు గడచినను వదలదు. మా మూటలో అట్టి రుమాలు తునక యొకటి కలదు. కన్నులు మూసికొనియు దానిని గుర్తింపవచ్చును.

కాలువ, రైలు, మిల్లు

ఎన్నూరునకు తెలుగుసీమతో గల సంబంధమును పెంచినది మొదట కాలువ. బాసిల్ కాక్రేన్ అను దొర చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు పదునొకండు మైళ్ళ కాలువను 1806 నాటికి త్రవ్వించెను. క్రమముగా అది పులికాటు మీదుగా ఉత్తరమునకు సాగి గుంటూరు సీమలోని పెదగంజాము వరకు పోయినది. 1877–78 కరవుకాలమున కూలివారిచేత పని చేయించి కొరతలు పూరించిన పిమ్మట దానికి బకింగుహాము కాలువయని పేరిడిరి. ఉప్పు, కట్టెలు, ధాన్యము, బట్టలు పడవలమీద ఈ దారినే నడచినవి. 1899లో బెజవాడకును చెన్నపట్టణమునకును రైలుమార్గము కలిసినది. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతములనుండి పనులకై వచ్చిన మనవారు ఎన్నూరు, తిరువొత్తియూరులలో నిలిచిపోయిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినను, పట్టణము మద్రాసు రాష్ట్రమున నిలిచినను, మనవారు ఇచ్చటనే యుండిరి.

బట్టల సంగతి కూడ మారినది. పెరంబూరులో 1876లో బకింగుహాము మిల్లును, కొలది సంవత్సరములకు కర్ణాటిక్ మిల్లును వెలసినవి. 1920లో అవి రెండును ఒక్కటైనవి. బిన్నీ మిల్లు కాకీగుడ్డ ఎరుగని యిల్లు ఆ దినములలో లేదు. 1918లో మద్రాసు లేబరు యూనియను పుట్టినది ఆ మిల్లు కార్మికుల మధ్యనే. 1996లో మిల్లు మూతపడినది. సీమ మల్లుగుడ్డ వచ్చి చేమగ్గమును దెబ్బతీసినది. ఖద్దరు ఉద్యమము వచ్చి దానికి బదులు చెప్పినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1943లో బట్టలపై కంట్రోలు వచ్చి, డబ్బున్నవారికిని గుడ్డ దొరకని దినములు గడచినవి. ఆ కంట్రోలు దినములలో బొంతమూట విలువ ఎట్టిదో మా నాయనమ్మగారు చెప్పగా వింటిమి. బిడ్డకు చొక్కా, తలగడకు గలీబు, దీపమునకు వత్తి, గాయమునకు కట్టు, అన్నియు ఆ మూటనుండియే.

మా యింటి మూట

మా తల్లిగారు వెంకటగిరి చెంతనుండి కాపురమునకు వచ్చినవారు. ప్రతి సంవత్సరము సంక్రాంతి వెళ్ళిన మరునాడు మూటను ముంగిట విప్పి, గుడ్డలన్నిటిని దండెముమీద ఆరవైచి, సాయంకాలమునకు మరల మడిచి కట్టుట వారి అలవాటు. మడతలు నిరుటివలె పెట్టెడివారు కారు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డముగా. నడుమ వేపాకు ఎండినది, వట్టివేళ్ళు, వసకొమ్ము ఉంచెడివారు. నూలు ఒక కట్ట, పట్టు ఒక కట్ట, రంగు దిగు గుడ్డలు వేరొక కట్ట. మేము దీనిని ముసలివారి చాదస్తమని తలచితిమే కాని, అందులోని నియమమును గమనింపలేదు.

2011లో వారు స్వర్గస్థులైరి. అప్పటికి సగము కుట్టిన బొంత యొకటి సూదితో సహా మూటపై నుండెను. మేము దుఃఖముచేతను, అతిశ్రద్ధచేతను ఒక తెలివితక్కువ పని చేసితిమి. దుమ్ము చేరరాదని మూటనంతటిని మందమైన ప్లాస్టిక్ సంచులలో వేసి, గాలి చొరకుండ మూతులు బిగించి, నాఫ్తలీను ఉండలు దోసెడు వేసి, అటక ఎక్కించితిమి. రెండు వానకాలములు గడచిన పిమ్మట తీసి చూడగా సంచిలోపల చెమ్మ పట్టియున్నది. చీరలపై నల్లని బూజుచుక్కలు. గంజి పెట్టిన పంచెలను పురుగులు జల్లెడ చేసినవి. ఉండలు తగిలినచోట జరీ నల్లబడినది. కాళహస్తి అద్దకపుగుడ్డ మడతవద్ద రెండుగా విడిపోయినది. మా యింటివారు ఒక మాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

అంతట మేము మా పాత విద్యను బయటికి తీసితిమి. మా యింటివారు, మా కోడలు, మేము ముగ్గురము కూర్చుండి, మిగిలిన గుడ్డలను ఉతికి, ఎండబెట్టి, జాతులవారీగా వేరుచేసి, ప్రతి కట్టకు ఒక నూలుచీటీ కుట్టితిమి. ఎవరి చీర, ఏ ఊరి నేత, ఏ శుభకార్యమునకు కొనినది, తెలిసినంతవరకు ఒక నోటుపుస్తకమున వరుససంఖ్యతో వ్రాసితిమి. మా కోడలు తమిళుల యింటి పిల్ల. పోగు, పడుగు, పేక, అంచు, కొంగు, పుంజము మొదలగు మాటలను ఆమె అడిగి తెలిసికొనుచుండగా, మా సొంత పిల్లలకు ఆ మాటలు నేర్పలేదని అప్పుడు గాని మాకు తోచలేదు.

కట్టలలో మూడు వంతులు పై అరలలో పట్టినవి. చోటు చాలక మిగిలిన వంతును, అనగా నాయనమ్మగారి కంట్రోలునాటి బట్టలను, ఇనుప ట్రంకులో పెట్టి మంచము క్రింద నుంచితిమి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినది. ఎన్నూరు వాగులోనికి చేరిన నూనె ఆ వరదనీటితో కలిసి పల్లపు వీథులలోని యిండ్లలో చొరబడినది. మా క్రిందిగదిలో మోకాలిలోతు నల్లనీరు. ట్రంకు తెరచినపుడు లోపల నున్నది గుడ్డయని చెప్పుటకు వీలులేదు. ఎన్నిమార్లు ఉతికినను జిడ్డు వదలలేదు. మా పుస్తకములో నలుబదియొకటవ సంఖ్యనుండి అరువదియవ సంఖ్య వరకు వివరములన్నియు చక్కగా నున్నవి. గుడ్డలు మాత్రము లేవు. రికార్డుగదిలో కాగితము పోయి చిట్టా మిగులుట మేము ఎరుగుదుము. ఇంటిలో అది జరిగిననాడు దాని బరువు వేరు.

భద్రపరచు విధము

అనుభవముచేతను, తెలిసినవారిని అడిగియు గ్రహించిన నియమములను కొన్నింటిని వ్రాయుచున్నాము. మా ఎన్నూరు వంటి చోట శత్రువులు మూడు: చెమ్మ, ఉప్పుగాలి, బొగ్గుదుమ్ము. ఉప్పు తేమను పీల్చి నిలుపును గనుక, ఆరుబయట చాలసేపు వ్రేలాడిన గుడ్డను మరల మంచినీటిలో జాడించి గాని దాచరాదు.

దాచవలసిన గుడ్డలో గంజి యుండరాదు. పురుగునకు అదియే ఆహారము. ఉతికి, నీడలో పూర్తిగా ఆరిన పిమ్మటనే మడువవలెను. ఒకనాటి చెమ్మయైనను బూజునకు చాలును. చుట్టుటకు ప్లాస్టిక్ పనికిరాదు. ఉతికిన తెల్లని పాతపంచెయే శ్రేష్ఠము. గాలి ఆడును, దుమ్ము ఆగును. వార్తాపత్రిక కాగితము వాడరాదు. అది పసుపుపచ్చబడి గుడ్డకు మరక నిచ్చును. చెక్క అరలపై గాని, ఇనుప బీరువాలో గాని గుడ్డను నేరుగా ఉంచక, క్రింద మరియొక గుడ్డ పరచవలెను. సముద్రపుగాలికి ఇనుము త్వరగా తుప్పు పట్టును. తుప్పుమరక గుడ్డను కొంతకాలమునకు కొరికి వేయును. కాళహస్తి గుడ్డలలో నల్లగీతలవద్దనే ముందుగా చిరుగుటకు కారణమును ఇదియే. కసిమిలో ఇనుమున్నది గదా. కనుక అద్దకపు గుడ్డలను మడువక, గుడ్డ చుట్టిన కర్రకు చుట్టియుంచుట మేలు.

పట్టును, జరీని నూలుతో కలుపరాదు. నాఫ్తలీను ఉండలు వేయదలచినచో చిన్న గుడ్డమూటలో కట్టి మూలకుంచవలెను; గుడ్డకు తగులరాదు. పసిబిడ్డల బొంతకై ఉంచిన గుడ్డలలో అవి అసలే వేయరాదు; వేపాకు, వట్టివేళ్ళు చాలును. అయితే ఆకులు బాగుగా ఎండినవై, సంచిలో కట్టినవై యుండవలెను. మూడు నాలుగు నెలల కొకసారి విప్పి, మడతలు మార్చవలెను. రంగు దిగు గుడ్డను ముందుగా గుర్తించుటకు, తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడవలెను. టెరిలిన్, నైలెక్సు తునకలను వేరుగా నుంచవలెను; నూలుతో కలిపి కుట్టినచో ఉతుకులో నూలు కుదియును, అవి కుదియవు, బొంత ముడుతలు పడును. అన్నింటికన్న ముఖ్యమైనది: నేలకు దగ్గరగా ఏదియు నుంచరాదు. ఈ నియమమునకు మేము చెల్లించిన వెల పైన వ్రాసితిమి.

ఈ నియమములను వరుసగా వ్రాసికొని చూడగా, వీనిలో పెక్కింటిని మా తల్లిగారు ఏటేటా చేయుచుండెడివారని తెలిసినది. కారణము చెప్పగలిగిన వారు కారు. చేయుట మాత్రము ఎరుగుదురు.

తుదిమాట

నీరు తీసిన తరువాత మేము ముగ్గురమును మరల కూర్చుండి ఆలోచించితిమి. కోటలోని గిడ్డంగియందు గుడ్డ నిలువ యుండుట ఓడ వచ్చువరకే. సాలెవాడు నేసినది కట్టుకొనుటకు. మా తల్లిగారు దాచినది కుట్టుటకు. మేము మాత్రము దాచుటకే దాచితిమి. నాయనమ్మగారి ఆ యిరువది గుడ్డలలో ఒక్కొక్కదానినుండి జానెడు కత్తిరించి ఒక బొంతలో కుట్టి, పిల్లల యిండ్లకు పంపియుండినచో, అందులో కొంత యైనను మిగిలియుండెడిది. ఒకే యింట, ఒకే పెట్టెలో నుంచినది ఒక్క వరదతో పోయినది.

2024 సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మా తల్లిగారి సగము బొంతను మా కోడలు పూర్తిచేసినది. పాతకుట్టు ఎచ్చట ఆగినదో, క్రొత్తకుట్టు ఎచ్చట మొదలైనదో చూచువారికి తెలియును. ఆమె కుట్టు కొంచెము పొడవు. దానిని దాచవద్దని మా యింటివారు అనగా, మేమును ఒప్పుకొంటిమి. దానిపై ఇప్పుడు మా మనుమరాలు పరుండుచున్నది. ఆమెకు ఆ బొంతలోని వెంకటగిరి అంచు, మంగళగిరి కొంగు, బిన్నీ కాకీ, చీరాల రుమాలు ఎచ్చటనున్నవో వ్రేలితో చూపి చెప్పగల తెలివి వచ్చినది. పేరు తెలుగులోనే చెప్పును. ఆ తరువాతి మాటలు తమిళమున సాగినను మాకు కష్టము లేదు.

ఇప్పుడు ఏటేటా ఒక బొంత కుట్టి ఒక్కొక్క బిడ్డ యింటికి పంపుచున్నాము. ప్రతిదాని అడుగున నోటుపుస్తకపు సంఖ్యలను ఎఱ్ఱదారముతో గుర్తుపెట్టుచున్నాము. నలుబదియొకటి మొదలు అరువది వరకు సంఖ్యలు ఏ బొంతలోను ఉండవు.

చదువరులైన మన సంఘపు కుటుంబములవారికి మా విన్నపము ఒక్కటే. మీ అటకలమీదను ఇట్టి మూట యుండకపోదు. రాబోవు సంక్రాంతి వెళ్ళిన మరునాడు దానిని దింపి, ఎండలో విప్పి, ఇంటిలోని ముసలివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ గుడ్డ ఎవరిదో అడుగుడు. చెప్పువారు ఉన్నపుడే అడుగుడు. చెప్పినది వ్రాసికొనుడు. పిమ్మట కత్తెరయు సూదియు తీసికొనుడు.